హృదయ రక్షకుడు – డాక్టర్ పాల్ డడ్లీ వైట్

మన కావ్యాలలో హృదయం ప్రేమకూ కరుణకూ నెలవు. మన నిత్య వ్యవహారంలోనూ గుండెకు అగ్రస్థానమే. దయలేని వానిది రాతిగుండె అంటాం. ఆపదలో ఉన్నవానిని గుండె నిబ్బరం చేసుకోమంటాం. దుఃఖం పెల్లుబికినప్పుడు గుండె చెరువైందంటాం. వైద్యుని దృష్టిలో మాత్రం గుండె పిడికిలంత కండరం. రోజుకు సుమారు లక్షసార్లు స్పందిస్తూ, దేహంలోని ప్రతి కణానికీ రక్తాన్ని అందిస్తుంది. ఆ గుండెకే రక్తాన్ని చేరవేసే సన్నని ధమనులు పూడుకుపోతే గుండెపోటు వస్తుంది. ఒకప్పుడు దీనిని విధి విలాసమనీ, వార్ధక్య ఫలమనీ భావించి మానవుడు తలవంచాడు. అది విధి కాదనీ, మన ఆహార విహారాలతో దానికి సంబంధం ఉందనీ, ముందు జాగ్రత్తతో చాలావరకు నివారించవచ్చుననీ లోకానికి చాటిన వైద్యులలో అగ్రగణ్యుడు డాక్టర్ పాల్ డడ్లీ వైట్.

పాల్ డడ్లీ వైట్ 1886 జూన్ 6న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి చేరువలోని రాక్స్‌బరీలో జన్మించారు. తండ్రి కుటుంబ వైద్యుడు. పిలుపు వచ్చిన ఇంటికల్లా తానే వెళ్లి చికిత్స చేసే తరానికి చెందినవారు. వైద్యమంటే మందులు ఇవ్వడం మాత్రమే కాదనీ, రోగి ఇంటినీ, కుటుంబాన్నీ, జీవన విధానాన్నీ తెలుసుకోవడమనీ బాలుడైన పాల్ ఆ ఇంటి వాతావరణంలోనే గ్రహించారు. రాక్స్‌బరీ లాటిన్ పాఠశాలలో పాఠశాల విద్య ముగించి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి 1908లో పట్టభద్రులయ్యారు. 1911లో అక్కడి వైద్య కళాశాల నుంచే వైద్యపట్టా పొందారు. అనంతరం బోస్టన్‌లోని సుప్రసిద్ధమైన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ప్రవేశించారు. ఆ ఆసుపత్రితో ఆయన అనుబంధం జీవితాంతం కొనసాగింది.

ఆ రోజుల్లో కీళ్లవాతపు జ్వరం పిల్లల పాలిట మృత్యుపాశం. అది కీళ్లను తాకి వదిలినా, గుండె కవాటాలను శాశ్వతంగా దెబ్బతీసేది. వైట్ ముద్దుల చెల్లెలు పన్నెండేళ్ల ప్రాయంలో ఆ వ్యాధికే బలైంది. వైద్యుని ఇంట పుట్టిన బిడ్డను సైతం వైద్యం కాపాడలేకపోయింది. ఈ సంఘటన వైట్ మనసుపై చెరగని ముద్ర వేసింది. మొదట శిశువైద్యంపై ఆసక్తి చూపిన ఆయన క్రమంగా హృద్రోగాల వైపు మొగ్గడానికి ఈ విషాదం కూడా ఒక కారణమైంది. యువకుడిగా ఉన్నప్పుడే రోజర్ లీ అనే వైద్యునితో కలిసి, రక్తం గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని కొలిచే ఒక పరీక్షను 1913లో రూపొందించారు. లీ–వైట్ పరీక్షగా అది వైద్యలోకంలో చాలాకాలం వాడుకలో నిలిచింది.

అదే సంవత్సరం వైట్ లండన్ వెళ్లారు. అక్కడ థామస్ లూయిస్ అనే మహావైద్యుడు హృదయ స్పందనలలోని క్రమాన్నీ అక్రమాన్నీ విద్యుత్ పరికరంతో పరిశీలిస్తున్నారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని గ్రహించి గీతల రూపంలో చూపే పరికరం ఎలక్ట్రో కార్డియోగ్రాఫ్. నేడు మనం ఇ.సి.జి. అని పిలుస్తున్న పరీక్షకు అదే ఆధారం. హాలండ్ దేశీయుడైన ఐంథోవెన్ ఆ పరికరాన్ని రూపొందించి ఎంతోకాలం కాలేదు. లూయిస్ వద్ద శిష్యరికం చేసి, 1914లో వైట్ స్వదేశానికి తిరిగివచ్చారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నేలమాళిగలో అటువంటి పరికరాన్ని నెలకొల్పి, హృద్రోగ పరిశోధనకు శ్రీకారం చుట్టారు. గుండె జబ్బులకు ప్రత్యేక వైద్యశాఖ ఉండవచ్చునన్న ఆలోచనే అప్పటికి అమెరికాలో చాలా కొత్తది.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. వైట్ ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రులలో సేవలందించారు. యుద్ధం ముగిశాక 1919లో రెడ్‌క్రాస్ పక్షాన గ్రీసు ప్రాంతానికి వెళ్లి, టైఫస్ జ్వరంతో అల్లాడుతున్న ప్రజలకు చికిత్స చేశారు. తిరిగివచ్చాక హృద్రోగ విభాగాన్నే తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. 1924లో మరికొందరు వైద్యులతో కలిసి అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌ను స్థాపించారు. అదే ఏడాది సామాజిక సేవికగా పనిచేస్తున్న ఐనా రీడ్‌ను వివాహమాడారు. ఆ దంపతులు ఇద్దరు పిల్లలను దత్తత తీసుకొని పెంచుకున్నారు.

1930లో లూయిస్ వుల్ఫ్, జాన్ పార్కిన్‌సన్ అనే వైద్యులతో కలిసి వైట్ ఒక ప్రత్యేక హృదయ లోపాన్ని వివరించారు. గుండెలో విద్యుత్తు తన సహజ మార్గాన్ని విడిచి అడ్డదారిన ప్రవహించడం వల్ల గుండె ఉన్నట్టుండి అమిత వేగంతో కొట్టుకునే స్థితి అది. నేటికీ ఆ లోపాన్ని ఈ ముగ్గురి పేర్లతోనే వ్యవహరిస్తారు. మరుసటి సంవత్సరం, 1931లో, వైట్ హృద్రోగాలపై ఒక బృహద్గ్రంథం వెలువరించారు. వేలాది రోగులను స్వయంగా పరీక్షించి, ఒక్కొక్కరి వివరాలనూ ఓపికగా నమోదు చేసుకొని రాసిన గ్రంథమది. ఎన్నో కూర్పులు పొంది, హృద్రోగ విద్యార్థులకు అది ప్రామాణికమైంది.

ఇంతటి పండితుని గ్రంథంలో సైతం ఒక పొరపాటు అభిప్రాయం చోటుచేసుకొంది. వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి. గట్టిపడిన నాళాల గుండా రక్తాన్ని నెట్టాలంటే పీడనం పెరగక తప్పదని నాటి వైద్యులు నమ్మేవారు. కనుక అధిక రక్తపోటు వ్యాధి కాదనీ, శరీరం తనను తాను కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు కావచ్చుననీ తలచేవారు. వైట్ కూడా 1930వ దశకంలో తన గ్రంథంలో ఇదే భావాన్ని వెలిబుచ్చారు. రక్తపోటును తగ్గించే మార్గం దొరికినా దాని జోలికి పోకపోవడమే మేలేమోనని సందేహించారు. ఇది ఒక్క వ్యక్తి చేసిన తప్పు కాదు. ఆనాటి వైద్యశాస్త్రం మొత్తం ఆ దారినే నడిచింది. ఆసుపత్రి మంచం పక్క నిలబడి చూసే వైద్యునికి కనిపించే సత్యం అంతే మరి!

ఈ విషయాన్ని విద్యార్థులు కొంచెం లోతుగా గ్రహించాలి. ఆసుపత్రికి వచ్చే మనిషి అప్పటికే రోగి. అతని గుండె ఎప్పుడో దెబ్బతింది. అతడు ఇరవై ఏళ్లుగా ఏమి తిన్నాడో, ఎంత నడిచాడో, ఎన్ని సిగరెట్లు కాల్చాడో, అతని రక్తపోటు ఏ వయసులో పెరగడం మొదలైందో వైద్యునికి తెలియదు. అవే అలవాట్లుండి కూడా రోగం రానివాడు ఆసుపత్రి గడపే తొక్కడు. రోగం వచ్చినవారినీ రానివారినీ పక్కపక్కన నిలిపి చూస్తే తప్ప కారణం తేలదు. వైట్‌కు ఈ అవసరం తెలుసు. నలభై ఏళ్లు నిండకముందే గుండెపోటుకు గురైన సుమారు వందమందిని, అదే వయసులోని ఆరోగ్యవంతులతో పోల్చి, మెనార్డ్ గెర్ట్‌లర్ అనే సహచరునితో కలిసి ఒక పరిశోధన సాగించారు. దాని ఫలితాలు 1954లో గ్రంథరూపం దాల్చాయి. అయితే ఇదీ రోగం వచ్చిన తరువాత వెనుదిరిగి చూసే పద్ధతే. రోగం రాకముందే ఆరోగ్యవంతులను ఎంచుకొని, ఏళ్ల తరబడి గమనిస్తూ పోయే పద్ధతి కావాలి. అది ఒక వ్యక్తికో, ఒక ఆసుపత్రికో సాధ్యమయ్యే పని కాదు.

అటువంటి మహాకార్యానికి కాలం కలిసివచ్చింది. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావం వల్ల 63 ఏళ్ల వయసులో హఠాత్తుగా కన్నుమూశారు. కొన్నేళ్లుగా ఆయన రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతూనే ఉంది. దేశాధినేత చుట్టూ వైద్యులున్నా ఆ పెరుగుదలను అరికట్టలేకపోయారు. యుద్ధానంతరం అమెరికాలో అన్ని వ్యాధులకన్నా హృద్రోగాల వల్లనే ఎక్కువమంది మరణిస్తున్నట్లు లెక్కలు తేల్చాయి. 1948 జూన్ 16న అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టంపై సంతకం చేశారు. తత్ఫలితంగా నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. దాని సలహా మండలిలో వైట్ ప్రధాన బాధ్యతలు స్వీకరించారు. రోగులకు చికిత్స చేసే వైద్యుడు ఒక జాతి ఆరోగ్యాన్ని గురించి ఆలోచించే వైద్యుడయ్యారు.

ఆ 1948వ సంవత్సరం తెలుగువారికి కూడా మరపురానిది. భీమవరంలో జన్మించి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో పరిశోధనలు చేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులో అమెరికాలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలే. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఏ రసాయనాల నుంచి లభిస్తుందో వెలికితీసిన శాస్త్రజ్ఞులలో ఆయన ఒకరు. గుండె కూడా కండరమే. ఆ శక్తి రహస్యం తెలిసినవాని గుండె అకాలంలో ఆగిపోయింది. ఎవరి గుండెకు ముప్పు పొంచి ఉన్నదో ముందుగా చెప్పగల జ్ఞానం నాటికి ఏ వైద్యుని వద్దా లేదు. ఆ జ్ఞానాన్ని సంపాదించే ప్రయత్నం ఆ సంవత్సరమే ఆరంభమైంది.

బోస్టన్‌కు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణం ఉంది. నాటి జనాభా సుమారు 28 వేలు. రైతులు, కర్మాగార కార్మికులు, వ్యాపారులు, ఉద్యోగులు కలిసి జీవించే సాధారణమైన ఊరు. అంతకు పూర్వం క్షయవ్యాధి నివారణకు జరిగిన ఒక ప్రయత్నంలోనూ ఆ ఊరివారు సహకరించారు. 1948లో అక్కడ 30 నుంచి 62 ఏళ్ల మధ్య వయసు గల స్త్రీ పురుషులను అధ్యయనంలో చేర్చుకోవడం ప్రారంభమైంది. మొత్తం 5,209 మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. రెండేళ్లకొకసారి వారిని పిలిచి రక్తపోటు, బరువు, రక్తంలోని కొలెస్టరాల్, ఇ.సి.జి. మొదలైనవి పరీక్షించేవారు. వారి అలవాట్లను అడిగి రాసుకొనేవారు. చికిత్స చేయడం ఆ పరిశోధకుల పని కాదు. గమనించడం, నమోదు చేయడం, వేచి ఉండడం, ఇవే వారి పనులు. ఎవరికి హృద్రోగం వచ్చిందో, ఎవరికి రాలేదో కాలమే చెప్పాలి. థామస్ డాబర్, విలియం కన్నెల్ వంటి వైద్యులు ఈ కృషిని ముందుండి నడిపారు. ఇది ఏ ఒక్కరి సృష్టీ కాదు. వైట్ దీనికి సలహాదారుగా, అండగా నిలిచారు. ఇక ఎటువంటి ప్రతిఫలమూ ఆశించక జీవితాంతం పరీక్షలకు హాజరైన ఆ ఊరి ప్రజల పాత్ర వైద్యుల పాత్రకు ఏమాత్రం తీసిపోదు.

తొలి ఫలితాలు 1957లో వెలువడ్డాయి. రక్తపోటు, కొలెస్టరాల్ అధికంగా ఉన్నవారిలో హృద్రోగాలు ఎక్కువగా తలెత్తుతున్నట్లు తేలింది. 1961లో ప్రచురితమైన వ్యాసంలో కన్నెల్ బృందం వీటిని ప్రమాద కారకాలుగా పేర్కొంది. ప్రమాద కారకం ఉన్న ప్రతివానికీ రోగం వస్తుందని దీని అర్థం కాదు. రోగం వచ్చే అవకాశం పెరుగుతుందని మాత్రమే. 1960వ దశకంలో పొగతాగడం, స్థూలకాయం, వ్యాయామ లోపం కూడా ఆ జాబితాలో చేరాయి. ఒకటికి మించిన కారకాలు ఒకే మనిషిలో కలిసి ఉంటే ముప్పు మరింత హెచ్చుతుందని కూడా స్పష్టమైంది. మునుపు సహజమని భావించిన అధిక రక్తపోటు ప్రాణాంతకమని ఫ్రామింగ్‌హామ్ లెక్కలు నిరూపించాయి. వైట్ స్వయంగా తన గ్రంథంలో రాసిన మాటను, ఆయన వెన్నుదన్నుగా నిలిచిన పరిశోధనే పూర్వపక్షం చేసింది. తన పుస్తకంకన్నా సత్యమే గొప్పదని నమ్మేవాడే నిజమైన శాస్త్రజ్ఞుడు. ఆ పరీక్షలో వైట్ నెగ్గారు. తరువాతి కాలంలో రోగ నివారణనే ఆయన తన ప్రధాన సందేశంగా స్వీకరించారు.

ఒక ఊరిని పరిశీలించడంతో సరిపోదు. దేశదేశాల ఆహారపు అలవాట్లను పోల్చి చూడాలి. అమెరికాకు చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఈ మార్గంలో ముందడుగు వేశారు. 1950వ దశకంలో ఆయన ఇటలీ, గ్రీసు మొదలైన దేశాలలో సాగించిన పరిశీలనలకు వైట్ కూడా తోడుగా వెళ్లారు. ఆలివ్ నూనె, ధాన్యాలు, కూరగాయలు, పండ్లు ప్రధానంగా తింటూ పొలాలలో శ్రమించే పల్లెవాసులను వారు దగ్గరగా చూశారు. అక్కడ గుండెపోటు అరుదు. 1958లో ఆరంభమైన ఏడు దేశాల అధ్యయనంలో 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు గల పన్నెండు వేలకు పైగా పురుషులను చేర్చుకొన్నారు. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, నాటి యుగోస్లావియా, గ్రీసు, జపాన్ దేశాలలో ఆ పరిశోధన జరిగింది. మాంసం, వెన్న, పాల కొవ్వు అధికంగా భుజించే తూర్పు ఫిన్లాండ్‌లో గుండెపోటు మరణాలు చాలా ఎక్కువగానూ, క్రీటు ద్వీపంలోనూ జపాన్‌లోనూ చాలా తక్కువగానూ ఉన్నట్లు తేలింది.

శరీర శ్రమ విషయంలో లండన్ నగరం మరొక సాక్ష్యం అందించింది. అక్కడి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చొనే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లెక్కుతూ దిగుతూనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే సంస్థ, ఒకే ఊరు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు వారిని పోల్చి, కండక్టర్లలో హృద్రోగం గణనీయంగా తక్కువని 1953లో వెల్లడించారు. నడక, కాయకష్టం గుండెకు మేలు చేస్తాయని వైట్ ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ మాటకు లెక్కల బలం చేకూరింది.

ఇంతలో వైట్ పేరు ఇంటింటా మారుమోగే ఘటన సంభవించింది. 1955 సెప్టెంబరు 24 తెల్లవారుజామున, డెన్వర్ నగరంలో విడిది చేసి ఉన్న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఛాతీలో నొప్పి వచ్చింది. మొదట దానిని అజీర్తి అనుకొన్నారు. తరువాత ఇ.సి.జి. తీయగా గుండెపోటు అని తేలింది. ఆయన్ను సైనిక ఆసుపత్రికి తరలించి, బోస్టన్ నుంచి వైట్‌ను విమానంలో రప్పించారు. దేశమంతా భయాందోళనలు అలముకొన్నాయి. 26వ తేదీన న్యూయార్క్ స్టాక్ మార్కెట్ సూచీ ఒక్కరోజే 6 శాతానికి పైగా పడిపోయింది. గుండెపోటు అంటే మరణమో, లేక జీవచ్ఛవంలా బతకడమో అన్న భావం జనంలో పాతుకుపోయిన కాలమది. అటువంటి వేళ వైట్ పత్రికా విలేఖరుల ముందుకు వచ్చారు. ఏ ధమని పూడుకుపోయిందో, గుండె కండరం ఎలా దెబ్బతిన్నదో, ఆ గాయం ఎలా మానుతుందో సామాన్యునికి అర్థమయ్యే మాటలలో దాపరికం లేకుండా వివరించారు. అధ్యక్షుని జబ్బును సాకుగా చేసుకొని దేశానికంతటికీ హృదయ పాఠం బోధించారు.

గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం నుంచి కదలనీయకపోవడం ఆనాటి ఆచారం. కోలుకొన్నాక ఉద్యోగం మాని విశ్రాంతి తీసుకొమ్మనడం పరిపాటి. వైట్ ఈ పద్ధతిని సమ్మతించలేదు. క్రమక్రమంగా నడిపించి, వీలైనంతవరకు రోగిని తన పనికి తిరిగి పంపడమే సరైన వైద్యమని ఆయన అభిప్రాయం. ఐసెన్‌హోవర్ సుమారు ఏడు వారాల తరువాత ఆసుపత్రి విడిచారు. పరిపాలన బాధ్యతలు చేపట్టారు. 1956 ఎన్నికలలో తిరిగి విజయం సాధించి, 1961 జనవరి వరకు పదవిలో కొనసాగారు. గుండెపోటుతో బతుకు ముగిసిపోదన్న ధైర్యాన్ని ఎందరో సామాన్య రోగులు ఈ ఉదంతం నుంచి పొందారు.

వైట్ తాను చెప్పినదే చేసేవారు, చేసినదే చెప్పేవారు. ముసలితనంలోనూ సైకిలు తొక్కేవారు. కట్టెలు కొట్టేవారు. వీలైనచోటల్లా లిఫ్టు విడిచి మెట్లెక్కేవారు. మితంగా తినాలనీ, పొగతాగరాదనీ, నిత్యం నడవాలనీ హితవు పలికేవారు. నగరాలలో సైకిళ్లకు ప్రత్యేక మార్గాలు వేయాలని అధికారులను కోరేవారు. వ్యాయామం వల్ల దేహమే కాదు, మనసు కూడా తేటపడుతుందని ఆయన నమ్మకం. ఆయన కుతూహలానికి మానవ హృదయంతో తృప్తి తీరలేదు. అలాస్కా సముద్ర జలాలలో బెలూగా తిమింగలం ఇ.సి.జి.ని నమోదు చేసే ప్రయత్నంలోనూ పాలుపంచుకొన్నారు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ యూనియన్‌కు వెళ్లి అక్కడి వైద్యులతో స్నేహం నెరపారు. 1971లో, 85 ఏళ్ల వయసులో, చైనాను సందర్శించిన తొలి అమెరికన్ వైద్యులలో ఒకరయ్యారు. రోగానికి సరిహద్దులు లేనప్పుడు వైద్యానికి మాత్రం ఎందుకుండాలన్నది ఆయన జీవితం అడిగిన ప్రశ్న.

1964లో అమెరికా ప్రభుత్వం ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేసింది. 1973 అక్టోబరు 31న, 87 ఏళ్ల వయసులో, పాల్ డడ్లీ వైట్ బోస్టన్‌లో తుదిశ్వాస విడిచారు. శతజయంతి సంవత్సరమైన 1986లో ఆయన చిత్రంతో తపాలా బిళ్ల వెలువడింది. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున సాగే సైకిలు బాటకు ఆయన పేరు పెట్టారు. నిలువెత్తు శిలావిగ్రహంకన్నా, నిత్యం వేలమంది నడిచే, సైకిలు తొక్కే ఆ బాటే ఆయనకు తగిన స్మారక చిహ్నం.

ఈ పరిశోధనలకు పరిమితులు లేకపోలేదు. ఏడు దేశాల అధ్యయనంలో స్త్రీలకు చోటులేదు. దేశాల ఎంపికపైనా విమర్శలు వచ్చాయి. ఫ్రామింగ్‌హామ్‌లో తొలుత చేరినవారు దాదాపు అందరూ ఐరోపా సంతతివారే. కనుక అక్కడి లెక్కలను అన్ని జాతులకూ యథాతథంగా అన్వయించకూడదు. కొవ్వు పదార్థాలలో ఏది ఎంత హానికరమన్న చర్చ నేటికీ సాగుతూనే ఉంది. అయినా మూలసూత్రం నిలిచింది. 1960వ దశకం చివరి నుంచి 2000 నాటికి అమెరికాలో హృద్ధమని వ్యాధి మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. 1980–2000 మధ్య వచ్చిన తగ్గుదలలో దాదాపు సగం మెరుగైన చికిత్సల వల్ల, దాదాపు సగం ప్రమాద కారకాలు తగ్గడం వల్ల సాధ్యమైందని 2007లో ప్రచురితమైన ఒక విశ్లేషణ తేల్చింది.

హృద్రోగం పాశ్చాత్య దేశాల సంపన్నుల జబ్బు అని మనలో చాలామంది భావించేవారు. గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాలలో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఒక ఏడాదిపాటు సంభవించిన మరణాల కారణాలను పరిశోధకులు నమోదు చేశారు. 2006లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా దాదాపు మూడోవంతు. అంటువ్యాధులకన్నా అవే ఎక్కువమందిని బలిగొన్నాయి. పచ్చని చేల నడుమ, స్వచ్ఛమైన గాలిలో ఉన్న పల్లెలలోనే ఈ పరిస్థితి! నాగలి స్థానంలో ట్రాక్టరు, నడక స్థానంలో మోటారు సైకిలు వచ్చాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు పోలేదు. ఊరగాయలలో, అప్పడాలలో ఉప్పు తగ్గలేదు. సుబ్బారావు పుట్టిన సీమకూ, వైట్ తపించిన సమస్యకూ మధ్య దూరం లేదని ఈ లెక్కలు చెబుతున్నాయి.

మన ప్రాచీన ఆయుర్వేదం రోగానికి మందు చెప్పడంతో ఆగలేదు. ఆరోగ్యవంతుడు ఎలా జీవించాలో దినచర్య, ఋతుచర్య పేర్లతో బోధించింది. ఆహార విహారాలే ఆరోగ్యానికి మూలమని మన పెద్దలు అనుభవంతో గ్రహించారు. అదే సత్యాన్ని ఆధునిక యుగంలో వేలాది మనుషులను ఏళ్ల తరబడి పరిశీలించి, లెక్కగట్టి నిరూపించిన తరానికి వైట్ పెద్దదిక్కు. చెల్లెలిని కాపాడుకోలేకపోయిన యువకుడు, ముఖమైనా చూడని కోట్లాదిమందికి మార్గం చూపిన వైద్యుడయ్యారు. గుండెపోటు నడివయసులో కనిపించవచ్చు; దానికి విత్తనం మాత్రం యౌవనంలోనే పడుతుంది. నేడు కళాశాల మెట్లెక్కుతున్న విద్యార్థి తొలి సిగరెట్టును కాదనడం, నాలుగడుగులు నడిచి బస్సెక్కడం, ఇంట్లో తల్లిదండ్రుల రక్తపోటు పరీక్ష చేయించడం చిన్న పనులుగా తోచవచ్చు. ఆ చిన్న పనులలోనే ప్రాణరక్షణ ఇమిడి ఉందని పాల్ డడ్లీ వైట్ జీవితం మనకు తెలియజేస్తోంది.